మాత్రతో బతకడం నేర్పిన టైలరక్క

మొన్నామధ్య ఒక మంగళవారం పొద్దున కాఫీకి పాలు పెట్టి నిలబడ్డాను. ఫోన్ మోగింది. "ఆంటీ, అమ్మ పోయింది" అంది టైలరక్క కూతురు. గుండెపోటట. దవాఖానకు తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. "మీకు నేనే చెప్పాల్నని చేసిన" అని ఫోన్ పెట్టేసింది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నాయి.

టైలరక్క నాకు చుట్టం కాదు. ఎల్‌బీ నగర్‌లో మా కాలనీ మొదటి మలుపులో, సొంతింటి ముందు గదిలో ఒక్క మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. నల్లగొండ పల్లె నుంచి లారీ నడిపే భర్త వెంట నగరానికి వచ్చిన మనిషి. మాది గుంటూరు వైపు. మావారి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఫ్లాట్ కొనుక్కున్నాం. నేను దగ్గర్లోని ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఒకే కాలనీలో పదేళ్ళున్నా ఆమెతో నాకు మాటల్లేవు. దుకాణం తలుపు మీద సుద్దతో "పదకొండు తర్వాతే" అని రాసి ఉండేది. బడికి వెళ్తూ రోజూ అది చూసి, ఈవిడకు బద్ధకం కాబోలు అనుకునేదాన్ని.

యాభై రెండో ఏట నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కుడివైపు తీసేశారు. కీమో, రేడియేషన్ అయ్యాయి. గండం గడిచిందని చుట్టాలందరూ ఫోన్లు చేశారు. చివర్లో డాక్టరమ్మ ఒక చిన్న మాత్ర రాసింది. "మీ జబ్బు ఒంట్లో ఉండే హార్మోన్‌ని తిని పెరిగే రకం. దానికి ఆ తిండి దొరక్కుండా చేస్తుంది ఇది. రోజుకొకటి, ఐదేళ్ళు" అంది. కందిగింజంత మాత్ర. ఇంత పెద్ద యుద్ధం చేసొచ్చాక ఇదొక లెక్కా అనుకున్నాను.

నా పాత జాకెట్లేవీ సరిపోవడం లేదు. వేరే దారి లేక ఆ దుకాణానికి వెళ్ళాను. టైలరక్క టేపు తీసుకుని కొలవబోయి, ఆగింది. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆమె తన పైట కాస్త పక్కకు జరిపి చూపించింది. జాకెట్ లోపల ఎడమవైపు మెత్తటి గుడ్డ కూరిన జేబు.

"నాది ఎడమ, నీది కుడి. ఇద్దరిని కలిపితే ఒక్క జాకెట్‌కు సరిపోతం టీచరమ్మా" అంది.

ఆపరేషన్ తర్వాత నేను నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ అక్కడే ఏడ్చాను. ఆమె మిషన్ తొక్కుతూనే ఉంది. నాకు ఎంతసేపు కావాలో అంతసేపు తొక్కింది.

ఆ కందిగింజ ఏం చేస్తుందో రెండు నెలల్లో తెలిసొచ్చింది. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. మోకాళ్ళు తుప్పు పట్టిన తలుపు బందుల్లా ఉండేవి. సుద్దముక్క పట్టుకుంటే జారిపోయేది. పాఠం మధ్యలో ఛాతీలోంచి సెగ బయల్దేరి మెడ మీదుగా చెవులదాకా పాకేది; ఒక్క నిమిషంలో జాకెట్ తడిసిపోయేది. పిల్లల పేర్లు మర్చిపోయేదాన్ని. చిన్న మాటకు మావారి మీద విరుచుకుపడి, తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. ఎవరికైనా చెబితే, "ప్రాణం దక్కింది, అది చాలదూ?" అనేవారు. ఆ మాట తర్వాత ఇంకేం చెప్పుకుంటాం?

ఒకరోజు టైలరక్కతో అన్నాను. ఆమె తన రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించింది. "నేను పదకొండుకు ఎందుకు తెరుస్తున్ననుకున్నవ్? గప్పటిదాంక ఈ వేళ్ళు నా మాట వినయ్. నేనూ గా మాత్రే మింగుతున్న. నాకిది మూడో సాలు." తలుపు మీది ఆ రాత చూసి నేను అనుకున్నది గుర్తొచ్చి తల దించుకున్నాను.

అప్పటి నుంచి బడి వదలగానే ఆ దుకాణమే నాకు రెండో బడి. పొద్దున లేవగానే వేళ్ళను గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, నీళ్ళలోనే పిడికిలి మూసి తెరవమంది. నైలాన్ చీరలు మాన్పించి పాత నూలు చీరలు బయటికి తీయించింది. సెగ వస్తే కంగారు పడొద్దంది. "వచ్చింది పోతది. దానికి ఎదురు పోకు, జర కూసో" అనేది. తనకు సెగ వచ్చినప్పుడల్లా కత్తిరించే బల్ల అంచున సుద్దతో ఒక గీత గీసేది. ఎందుకని అడిగాను.

"మంటలొస్తున్నయ్ అంటే డాక్టరమ్మ తలకాయ ఊపుతది. దినానికి తొమ్మిదిసార్లు అంటే పెన్ను తీసి రాసుకుంటది."

లెక్కల టీచర్ని, నాకు తట్టని సంగతి అది.

మొగుడూ పెళ్ళాల మధ్య చెప్పుకోలేని ఇబ్బంది ఒకటి ఉంటుంది. ఒళ్ళు లోపల ఎండిపోయి, దగ్గరకు రావాలంటేనే భయం వేస్తుంది. అది నేను సగం చెప్పి ఆగిపోతే, మిగతా సగం ఆమే పూర్తి చేసింది. "గది గూడ చెప్పు డాక్టరమ్మకు. సిగ్గెందుకు? ఆమె గూడ ఆడిదే గదా. దానికి గూడ మందుంటది."

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. మా బంధువులు కొందరు ఫ్లాట్ అమ్మేసి వచ్చేయమంటున్నారు. కూరగాయల బండి దగ్గర నోరు తెరవాలంటే నాకు జంకుగా ఉండేది. ఒక్క మాటలో మా ఊరు పట్టేసేవారు. టైలరక్క ఊరేగింపులకు జెండాలు కుట్టేది. కుట్టిన జెండాలను మడతపెట్టి, ఆ పక్కనే నా జాకెట్లు పెట్టేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా అక్కా?"

ఆమె మిషన్ ఆపింది. "తెలంగాణ రావాలె. నువ్వు గూడ ఉండాలె. రెండు ఒక్కతాన పట్టవా ఏంది?"

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. నా మాత్రలు అయిపోయాయి. మందుల షాపులో అడిగితే సరుకు రాలేదన్నారు. నాలుగు రోజులు మాత్ర లేకుండా గడిచాయి. తర్వాత సరుకు వచ్చింది. నేను కొనలేదు.

ఎందుకంటే ఒళ్ళు కాస్త తేలికైనట్టు అనిపించింది. రెండు వారాలకు వేళ్ళు వంగాయి. మెట్లు దిగుతుంటే రెయిలింగ్ పట్టుకోనక్కర్లేకపోయింది. నా ఒళ్ళు నాకు తిరిగి వచ్చిందనిపించింది. మావారు రోజూ "మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతారు. "ఊఁ" అనేదాన్ని. ఖాళీ అట్ట అలాగే డబ్బాలో ఉంచాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయనతో అంత తేలిగ్గా అబద్ధం ఆడతానని నాకే తెలియదు.

మూడో వారంలో ఒక పొద్దున, బడి లేదు కదా అని, అక్క ఇంటికి వెళ్ళాను. చేతికుట్టు వేసే సూదిలోకి దారం ఎక్కించలేక అవస్థ పడుతోంది. తీసుకుని ఒక్క దెబ్బలో ఎక్కించి ఇచ్చాను. ఆమె సూది వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది, నా వంక చూసింది. ఎనిమిది కూడా కాలేదు.

"నీ వేళ్ళు ఇంత మంచిగ ఎట్లయినయ్?"

నేను చేతులు పైట చాటుకు లాక్కున్నాను.

"మాత్ర బంద్ చేసినవా?"

తలూపాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఆ సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. "నేను గూడ చేసిన. రెండో సాల్ల, నాలుగు నెల్లు. బిడ్డకు చెప్పలే, వాళ్ళ నాయినకు చెప్పలే. ఏం గాలే, నా నసీబు మంచిది. గని గా నాలుగు నెల్లు నిద్ర లేదు టీచరమ్మా. మాత్ర మింగుతుంటే మంటతోని పరేషాన్, మింగకుంటే భయంతోని పరేషాన్. మంట ఎవరికన్నా చెప్పుకోవచ్చు. దాసిపెట్టిన భయం ఎవరికి చెప్తవ్?"

"మళ్ళీ ఆ నొప్పి నా వల్ల కాదక్కా" అన్నాను.

"గా ముచ్చటే డాక్టరమ్మకు చెప్దాం. ఆపుతే ఆమెకు చెప్పి ఆపు. దొంగతనంగ వద్దు. రేపే పోదాం."

"రేపు బంద్ కదా. ఎలా వెళ్తాం?"

"బంద్ నాడు మంది ఉండరు. డాక్టరమ్మ మంచిగ కూసొని వింటది."

దవాఖాన దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఉంది. స్కూటర్ మీద దింపమని మావారిని అడగొచ్చు; కానీ అడగాలంటే మాత్ర ఆపానని చెప్పాలి. అక్కతో నడిచి వస్తానని మాత్రం చెప్పి బయల్దేరాను.

ఎప్పుడూ లారీలతో, విజయవాడ బస్సులతో కిక్కిరిసి ఉండే రోడ్డు ఆ పొద్దున వాకిలి ఊడ్చినంత ఖాళీగా ఉంది. నాకు ఫరవాలేదు, నా మాత్ర ఆగిపోయింది. కాళ్ళు ఈడుస్తున్నది ఆమె. బస్టాపు కనిపించిన చోటల్లా కూర్చున్నాం. మోకాళ్ళు రుద్దుకుని, "లే" అని నన్నే లేపేది, నేనేదో అలసిపోయినట్టు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి తాళాల వెనక నుంచి బత్తాయిల వాసన వస్తోంది. "మా నల్లగొండ దిక్కుయే" అంది గర్వంగా. అక్కడి నుంచి ఆమె నడక మారింది. ఒళ్ళు వేడెక్కాక కీళ్ళు సడలినట్టున్నాయి, నాకంటే రెండడుగులు ముందుంది.

చైతన్యపురి దగ్గర ఉద్యమకారులు రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేస్తున్నారు. డప్పులు, పాటలు, పెద్ద గుండిగలో అన్నం. నేను పక్కసందులోంచి పోదామన్నాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని నేరుగా నడిపించింది. వడ్డిస్తున్నాయన ఆకులు చేతికిచ్చి, "యాడికి పోతున్నరమ్మా?" అన్నాడు.

"దవాఖానకు. ఈమె మా చెల్లె" అంది అక్క.

ఆయన నాకు అన్నం పెడుతున్నాడు. నోరు మూసుకుని ఉందామనుకున్నాను గానీ పెడుతూనే ఉన్నాడు. "చాలండీ, ఇంక వద్దండీ" అనేశాను. గరిటె ఆగింది. ఆయన నన్ను చూశాడు, అక్కను చూశాడు.

"దవాఖానకు పోతున్నవ్ గద చెల్లె, కడుపు నిండ తినాలె" అని ఇంకో గరిటె వేసి, పప్పు పోశాడు.

రోడ్డు మధ్య డివైడర్ మీద కూర్చుని ఇద్దరం తిన్నాం. అంత రుచిగా అన్నం తిని అప్పటికి చాలాకాలమైంది.

డాక్టరమ్మ నిజంగానే తీరిగ్గా విన్నది. నేను తెచ్చిన కాగితం చదివింది. మాత్ర వేసుకున్నన్నాళ్ళూ రోజుకు ఎన్ని సెగలు, ఏ కీలు ఎప్పుడు పట్టేసేది, ఏ పని చెయ్యలేకపోయేదాన్ని, అన్నీ అందులో రాశాను. ఆ చెప్పుకోలేని ఇబ్బంది కూడా. కోప్పడలేదు. "ఆపాలనిపించడం మీ తప్పు కాదు. ఆపే ముందు రావాలి, అంతే" అంది. ఎముకల పరీక్ష రాసింది. ఇంకో రెండు వారాలు ఆగి, వేరే మాత్ర మొదలు పెడదామంది. అదీ పడకపోతే ఇంకో దారి చూద్దామంది. క్యాల్షియం రాసి, రోజూ నడవమంది. దారులు ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. ఉన్నది ఒక్కటే మాత్ర, దాన్ని మింగడమో మానడమో అనుకున్నాను.

ఇంటికి వచ్చి మావారికి చెప్పేశాను. ఆయన డబ్బాలోని ఖాళీ అట్ట తీసి చూసి, "నాతో చెప్పలేనంతగా ఉన్నానా నేను?" అన్నారు.

కొత్త మాత్రతో బాధలన్నీ పోయాయని చెప్పను. సెగలు తగ్గాయి, పోలేదు. కీళ్ళు నడకతో దారికొచ్చాయి. రోజూ పొద్దున అక్కా నేనూ చంపాపేట్ రోడ్డు దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. దారిలో ఆమె తెలంగాణ గురించి, నేను మా స్టాఫ్‌రూం గురించి. తెలంగాణ వచ్చిన రోజు ఇంటికి మిఠాయి తెచ్చి, మావారి నోట్లో తనే పెట్టింది. నా ఐదేళ్ళు పూర్తయిన రోజున కూడా అదే దుకాణం మిఠాయి తెచ్చింది. "రెండు గెలుపులు చూసిన" అంది.

ఆమెకు క్యాన్సర్ మళ్ళీ రాలేదు. నాకూ ఇప్పటిదాకా రాలేదు. డెబ్బై ఒకటో ఏట గుండె ఆగి వెళ్ళిపోయింది, అంతే.

పెద్దకర్మ నాడు వెళ్ళాను. భోజనాలయ్యాక షామియానా కింద ఒక వరసలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు మిగిలారు. ఎవరికి ఎవరూ తెలియదు. చుట్టాలెవరో అనుకున్నాను. నలభై ఏళ్ళ ఒకామెకు, చలికాలం మధ్యాహ్నం, ఉన్నట్టుండి నుదుటి మీద చెమట పట్టింది. పైట కొంగుతో మెడ తుడుచుకుంటోంది. పక్కనున్న ముసలామె తన కుర్చీ జరిపి, గాలి తగిలేలా చోటిచ్చి, "ఎన్నో సాలు బిడ్డా?" అని అడిగింది.

"రెండో ఏడండీ" అంది ఆమె, మా గుంటూరు వైపు యాసలో.

"నాది నాలుగు" అంది అటువైపు కూర్చున్న ఇంకొకామె. మరొకామె "నాకు మొన్ననే ఐదు అయిపోయినయ్" అంది. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఇంతమందిని చూసుకుంటోందని అక్క మాలో ఎవరికీ చెప్పలేదు.

ఎవరు ముందు జరిపారో తెలియదు, కుర్చీలు గుండ్రంగా అయ్యాయి. రెండో ఏడామె వేళ్ళు పట్టేస్తున్నాయంది. నాలుగో ఏడామె ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, ఒక్కో వేలూ మెల్లగా వంచుతోంది. షామియానా విప్పేవాళ్ళు వచ్చారు. మమ్మల్ని చూసి, ముందు అవతలి వైపు తాళ్ళు విప్పడం మొదలు పెట్టారు. సగం పందిట్లోకి ఎండ వచ్చింది. మేము కుర్చీలు ఇంకాస్త దగ్గరికి లాక్కుని, మిగిలిన నీడలో కూర్చున్నాం.