నాగమ్మ అవ్వను అడగని ప్రశ్న

1998 జూన్‌లో నన్ను ధర్మవరం నుంచి పెనుకొండ వైపు ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రికి పిల్లల వైద్యుడిగా బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. ఆసుపత్రి పేరు రాయడం లేదు. జరిగిన తప్పు ఆసుపత్రిది కాదు, నాది. ఉదయం ఓపీ, మధ్యాహ్నం వార్డు, ఆదివారాలు హిందూపురంలో హేతువాద సభలు. తాయెత్తుల మీద, దయ్యాల మీద, బాబాల మీద గంటల తరబడి మాట్లాడేవాణ్ణి. ఎదుటి మనిషి మాట ముగించకముందే అందులో లొసుగు పట్టుకోవడం నాకు అలవాటు. సభలో అది పనికొచ్చేది. దాన్ని ఓపీ గదిలోకి కూడా తీసుకొచ్చాను.

నవంబరులో, పొలాల్లో వేరుశనగ పెరికే రోజుల్లో, గోరంట్ల వైపు పల్లె నుంచి నాగమ్మ అనే ముసలావిడ మనవరాలిని తీసుకొచ్చింది. పిల్ల పేరు శైలజ, ఏడేళ్లు, చేతికి తాయెత్తు. వచ్చింది మామూలు దగ్గు కోసం. ఏ తరగతి అని అడిగితే బడికి పంపడం లేదంది అవ్వ.

"బడికాడ పిల్లోల్ల జేబుల్నిండా శెనక్కాయలే సారూ. ఈ పిల్లకు అవి పడవు. వాళ్ల తాత చేన్లో నాగుబామును కొట్టినాడు. అప్పట్నించి ఆ కాయ నోట్లో పడితే సాలు, ఆ పాము ఈ పిల్ల మీదికొస్తాది."

ఈ మాటల్లో నాకు వినిపించింది పాము ఒక్కటే. పాము శాపానికి భయపడి ఒక ఆడపిల్లను చదువుకు దూరం చేస్తున్నారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ తప్పనుకోను. కానీ ఎన్నిసార్లు తినింది, ఎంత తినింది, ఎంతసేపటికి ఏమైంది అని అడగాలి. ఆహారం పడదని ఎవరు చెప్పినా వైద్యుడు మొదట అడగాల్సినవి ఇవే. నేను ఒక్కటీ అడగలేదు. ఓపీ చీటీ మీద "వేరుశనగ: కుటుంబ మూఢనమ్మకం" అని రాశాను.

పడని ఆహారాన్ని ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా తినిపించి చూసే పరీక్ష ఒకటుంది. ఛాలెంజ్ టెస్ట్ అంటారు. అలర్జీ మందులు కొన్ని రోజుల ముందే ఆపాలి. అవసరమైతే మందు ఎక్కించడానికి చేతికి ముందే సూది పెట్టి ఉంచాలి. ఆక్సిజన్, అలర్జీ ముదిరితే ప్రాణం నిలిపే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కనే ఉండాలి. గోటి మీద పట్టేంత పొడితో మొదలుపెట్టి, ప్రతిసారీ ఆగి చూస్తూ, మోతాదు మెట్టు మెట్టుగా పెంచాలి. ఏ చిన్న లక్షణం కనిపించినా అక్కడితో ఆపాలి. ఇది పెద్ద ఆసుపత్రిలో, అనుభవం ఉన్నవాళ్లు చేయాల్సిన పని. నేను వైద్య పత్రికల్లో చదివానే తప్ప ఎప్పుడూ చేయలేదు.

శాపం లేదని చూపించడానికి ఆ పరీక్ష నేనే చేస్తానన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. పిల్ల చదువు నాశనం చేస్తున్నావని గట్టిగా మందలించాను. చివరికి ఒక్కటే అడిగింది. "నువ్వు ఆడే ఉంటావా సారూ, యాడికీ పోకుండా?" ఉంటానన్నాను.

దగ్గు పూర్తిగా తగ్గాక, రెండు వారాలకు వాళ్లు వచ్చారు. గదిలో నేను, సిస్టర్ గ్రేసమ్మ, అవ్వ, పిల్ల. వేయించిన గింజల పొడిని అరటిపండు గుజ్జులో కలిపి పెట్టాను. మొదటి మోతాదుకు ఏమీ కాలేదు. రెండోదానికీ కాలేదు.

"ఏమవ్వా, పాము యాడికి పోయింది?" అన్నాను, ఆమె యాసలోనే.

"ఎన్ని గంటలకొస్తాదో నీతో చెప్పి పోయిందా యేమి?" అంది అవ్వ. గ్రేసమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. తర్వాత ఇవ్వాల్సిన రెండు మోతాదులు వదిలేసి ఒకేసారి చెంచా నిండా కలిపాను. పిల్ల సగం నోట్లో పెట్టుకుని, "అవ్వా, నాలిక గీరతాంది" అంది.

నిజానికి పరీక్ష అక్కడితో ముగిసినట్టే. ఫలితం పిల్ల నోటితోనే వచ్చింది. నేను దాన్ని అవ్వ నూరిపోసిన భయం అనుకున్నాను. "ఏం కాదు పాపా, మింగు" అన్నాను. మింగింది. డాక్టరు చెప్పాడు కాబట్టి మింగింది.

పది నిమిషాల్లోపే పెదవులు ఉబ్బాయి. మెడ మీద దద్దుర్లు లేచాయి. దగ్గు మొదలై, ఊపిరిలో పిల్లికూతలు వినిపించాయి. నేను చెప్పకముందే గ్రేసమ్మ అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పట్టుకుని ఉంది. "సార్, తొడకిచ్చేదా?" అంది. తల ఊపాను. కాసేపటికి రెండో ఇంజెక్షన్ కూడా ఇవ్వాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి ఊపిరి కుదుటపడింది. లక్షణాలు మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి వార్డులోనే ఉంచాం.

మర్నాడు అసలు కష్టం మొదలైంది. పిల్ల ఏదీ తినదు. పాలు, ఇడ్లీ, చివరికి నీళ్లు కూడా వాసన చూసి పక్కకు తోసింది. నేను మంచం దగ్గరికి వస్తే రెండు చేతులతో నోరు మూసుకునేది. మందుతో పోయే జబ్బు కాదది. అవ్వ వార్డు వెనక మూడు రాళ్లు పెట్టి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, బియ్యం కడగడం దగ్గర్నుంచి అన్నీ చూపిస్తూ గంజి కాచింది. తాను ఒక గుక్క తాగి గిన్నె పిల్లకిచ్చింది. పిల్ల తాగింది.

నేను వెళ్లి అక్కడే నేల మీద కూర్చున్నాను. తప్పు నాదేనని చెప్పాను.

"పాము లేదంటివి కదప్పా" అంది అవ్వ, తలెత్తకుండా. "మరి కాటేసిందెవురు?"

జవాబు నాకు తెలుసు. మొదటి రోజు ఓపీలో అడగాల్సిన ప్రశ్న, ఎన్నిసార్లు తినింది, ఏమైంది అని, అప్పుడు అడిగాను. అవ్వ గంజి గిన్నె కడుగుతూనే చెప్పింది.

"నాలుగు తూర్లు. ఒగతూరి బెల్లమేసి కట్టిన శెనక్కాయల ఉరుండ, రెండుతూర్లు అన్నంలోకి నూరిన శెనక్కాయల ఊరిబిండి, ఒగతూరి ఎవురో పెట్టిన పచ్చికాయ. ఎప్పుడైనా ముందు నాలికే గీరేది. ఆకూవక్కా నమిలేంతసేపటికి దద్దుర్లు. పక్కన కాయలు ఏంచుతాంటే మాత్రం ఏం కాలేదు. కాయలొలిచి వచ్చినోల్లం చేతులు కడగందే పిల్లను ముట్టం."

ఏ విద్యార్థి రాసిన కేసు షీటూ ఇంత స్పష్టంగా ఉండదు. ఆమె చూసింది నిజం. ఆ నిజానికి ఆమె చెప్పుకున్న కారణం తప్పు. నేను కారణంతో పాటు నిజాన్నీ కొట్టిపారేశాను.

కేసు షీటులో, మోతాదులు వదిలేయాలన్న నిర్ణయం నాదేనని రాసి సంతకం పెట్టాను. పల్లె బడి పంతులును కలిసి, తినేటప్పుడు పిల్లను కాస్త విడిగా కూర్చోబెట్టేలా, తినే ముందూ తర్వాతా అందరూ చేతులు కడుక్కునేలా మాట్లాడాను. సంక్రాంతి సెలవులయ్యాక శైలజ బడికి వెళ్లింది. తాయెత్తు చేతికే ఉంది. తీయమని నేను అనలేదు.

ఆ కేసును ఆదివారం సభలో విజయంగా చెబుతానని మిత్రుల దగ్గర ముందే చాటుకున్నాను. సభకు వెళ్లాను. గ్రహణాల గురించి మాట్లాడి వచ్చేశాను. అడిగినవాళ్లకు పిల్ల రాలేదని అబద్ధం చెప్పాను. ఇన్నేళ్లకు ఆ అబద్ధాన్ని సరిదిద్దుకుంటున్నది ఈ రాతలోనే.

నేర్చుకున్నది ఇది. రోగి ఇంటివాళ్లు చెప్పే మాటలో చూసినది ఒకటి ఉంటుంది, నమ్మినది ఒకటి ఉంటుంది. రెంటినీ విడదీయడం వైద్యుడి పని. నమ్మకంతో తగువు పెట్టుకోవాలంటే చూసినదాన్ని ముందు పూర్తిగా రాసుకున్నాకే పెట్టుకోవాలి. పరీక్ష జరిగే గదిలో వాదన జరగకూడదు. గెలవాలనుకున్న మనిషి కొలవలేడు.