సొరుగులో పెట్టిన ఉత్తరం

ఎనభైలలో కరీంనగర్‌లో, ఆపరేషన్ చేసి తీసిన గడ్డలను మైక్రోస్కోప్ కింద చూసే పని నాది. కోసే డాక్టర్లకు మనుషులు తెలుసు, నాకు ముక్కలు తెలుసు. ఆసుపత్రి వెనక గదిలో ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. అనుమానం వస్తే "ఇదొకసారి చూడండి" అని అడగడానికి పక్కన మనిషి లేరు. పైగా నా నోరు మంచిది కాదు. అందుకని ఊరికే పలకరించడానికి కూడా ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఒకసారి సుల్తానాబాద్ వైపు రైతు ఒకతను తన భార్య గర్భసంచిని సీసాలో పట్టుకొచ్చాడు. ముక్క చెడకుండా అక్కడి డాక్టర్ ఫార్మలిన్ పోసి ఇచ్చాడట. బస్సులో ఆ ఘాటుకు జనం గొడవ చేస్తే కండక్టర్ దించేశాడు. మామిడికాయ ముక్కలు ఉప్పులో ఊరితే చెడవు కదా అని, ఇతను ఆ మందు పారబోసి ఉప్పునీళ్లు నింపాడు. ఆ రాత్రి చుట్టాలింట్లో ఆగి మర్నాడు నా దగ్గరికి చేరాడు.

గర్భసంచి కండరంలో గడ్డలు మామూలే. చాలావరకు ఏమీ చేయవు, ఎప్పుడో ఒకటి క్యాన్సర్ అవుతుంది. తేల్చాలంటే విడిపోతున్న కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఈ గడ్డ చూడగానే తేడాగా కనిపించింది. లెక్కపెడదామంటే కణాలు కుళ్లి మసకబారి ఉన్నాయి.

అతనికి దుబాయ్ వీసా వచ్చి ఉంది. గడ్డ మళ్లీ వచ్చేదైతే భార్యను వదిలి పోనన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు పోసిన ఉప్పునీళ్లతోనే ఇదంతా ఆగమైంది. ఇప్పుడు నన్నడిగితే ఏం చెప్పాలె?"

తల వంచుకుని వెళ్లిపోయాడు. దుబాయ్ పోలేదు.

హైదరాబాద్‌లో నాకు చదువు చెప్పిన సారుకు ఆ స్లైడ్లు పంపాను. నెల రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. ఒక అంచున కణాలు బాగానే ఉంటే లెక్కపెట్టారట. అటూ ఇటూ కాని లెక్క. ముక్క మొత్తం బాగున్నా తాను తేల్చలేకపోయేవాణ్ణని, ఇలాంటి గడ్డ ఏం చేస్తుందో ఏళ్లతరబడి చూడాల్సిందేనని రాశారు. అంటే తప్పు అతనిది కాదు. ఉత్తరం సొరుగులో పెట్టాను.

ఆర్నెల్లకోసారి అతను భార్యను మా ఆసుపత్రికి పరీక్షకు తెచ్చేవాడు. అది కాగానే ఇద్దరూ నా గదికి వచ్చేవారు. ఆమె మక్కగారెలు తెచ్చి, నేను తినేదాకా కదిలేది కాదు. వాళ్లొచ్చే రోజు మంచి చీర కట్టుకునేదాన్ని. తిట్టినందుకు సిగ్గుపడి ఉత్తరం సంగతి మొదట చెప్పలేదు. తర్వాత, తన తప్పు లేదని తెలిస్తే అతను దుబాయ్ పోతాడని, ఈ రాకపోకలు ఆగిపోతాయని చెప్పలేదు. అలా నాలుగేళ్లు గడిపాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఒకరోజు ఆమె నవ్వుతూనే అంది, తనకు జర కడుపు నొచ్చినా ఈయన ఆ పూట అన్నం ముట్టడని. అతను నేల చూశాడు. ఇక దాచడం నావల్ల కాలేదు. ఉత్తరం తీసి ఇద్దరికీ చదివి వినిపించాను.



"నా పెండ్లాం పానం నా చేతులతోని పారబోసిన అనుకుంటున్న డాక్టరమ్మా, గిన్నేండ్ల సంది," అన్నాడు. "గా కాయితం ఎప్పుడొచ్చింది?"

చెప్పాను. ఇద్దరూ లేచి వెళ్లిపోయారు.

ఆర్నెల్ల తర్వాత ఆమె ఒక్కతే వచ్చి పరీక్ష చేయించుకుని పోయిందని, గడ్డ తిరిగి రాలేదని, ఆయన దుబాయ్‌లో ఉన్నాడని నర్సు చెబితే నాకు తెలిసింది.