మూడొందల యాభై రూపాయల కారు

సిద్దిపేట మొత్తంలో గంటకు మూడు వందల కిలోమీటర్ల స్పీడులో కారు నడిపిన మనిషిని నేనొక్కణ్నే. పాత బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్లందరికీ ఈ మాట చెప్పాను. ఇద్దరు ముగ్గురు నమ్మారు కూడా. ఆ కారు సెల్‌ఫోన్‌లో ఉన్నదనీ, నడిపేటప్పుడు నేను మా వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాననీ వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

సంగతి మోపెడ్‌తో మొదలైంది. నేను ముప్పై ఏళ్లు సర్కారు బస్సు నడిపి రిటైరైన డ్రైవర్ని. ఆ తర్వాత నాకు మిగిలిన బండి ఒక పాత మోపెడ్. పోయిన ఎండాకాలం దాని మీది నుంచి పడి మోచెయ్యి గీరుకుపోయింది. చింతమడక రోడ్డు మీద బర్రెల మంద అడ్డం వచ్చిందనీ, వాటిని తప్పించబోయి పడ్డాననీ ఇంట్లో చెప్పాను. పొద్దున చెప్పినప్పుడు పదిహేను బర్రెలు, సాయంత్రానికి ఇరవై ఐదు. ఒప్పుకుంటున్నాను, ఒక్క బర్రె కూడా లేదు. మా ఇంటి గేటు స్తంభానికే గుద్దాను. చింతమడక రోడ్డు సంగతి అటుంచండి, మా వాకిలే దాటలేదు. మా ఇంటామె మోపెడ్ తాళంచెవి తీసుకొని బియ్యం డబ్బాలో అడుగుకు పెట్టి మూత బిగించింది.

ముప్పై ఏళ్ల అలవాటు, కాలు ఊరుకుంటుందా? అన్నం తింటున్నా టీవీ చూస్తున్నా కుడి పాదం ఎక్సలేటర్ తొక్కుతూనే ఉండేది. బడిలో పాఠాలు చెప్పే మా కోడలు అది కనిపెట్టి, నా ఫోన్‌లో కార్ల పందెం ఆట ఎక్కించింది. ఫోను ఎటు వంచితే కారు అటు తిరుగుతుంది. కుడి బొటనవేలు ఎక్సలేటర్, ఎడమది బ్రేకు. ఆ ఆట మూడు పందేలు ఉచితంగా ఆడనిచ్చి, నాలుగోదాని ముందర మూడు వందల యాభై రూపాయలు కట్టమంది.

మా ఇంటామె బియ్యంలో రాళ్లు ఏరుతూనే అడిగింది.

"లేని కారుకు మూడొందల యాభయ్యా? గా కారు ఇంటి ముంగట నిలవడ్తదా, నన్ను ఎక్కించుకొని యాడికన్న తోల్కపోతవా?"

నేను లాభాలన్నీ చెప్పాను. డీజిల్ అక్కర్లేదు, పంక్చర్ కాదు, ఇన్సూరెన్సు లేదు, గేటుకు గుద్దినా రంగు పోదు. ఆ చివరిది నోరు జారి వచ్చింది.

"గేటా? బర్రెలంటివి గదా."

నేను దగ్గుతూ లేచి మంచినీళ్లకు పోయాను. తిరిగొచ్చేసరికి ఆమె షరతు సిద్ధంగా ఉంది. దసరా లోపల ఒక్కసారైనా మొదటి నంబరు రావాలి. వస్తే డబ్బు దండగ కానట్టే, మోపెడ్ తాళంచెవి కూడా నా చేతికి వస్తుంది. రాకపోతే ఇంక జన్మలో బండి పేరెత్తకూడదు. కోడలు నవ్వుకుంటూ డబ్బు కట్టింది.

ముప్పై ఏళ్లు బస్సు తోలినవాడికి బొమ్మ కారొక లెక్కా అనుకున్నాను. పందెంలో ఎనిమిది కార్లు. మొదటి రోజు ఎనిమిదోవాణ్నయ్యాను. రెండో రోజూ అంతే. కారు బాగాలేదన్నాను, ఫోను పాతదన్నాను, కంటి ఆపరేషన్ చేసిన డాక్టరును కూడా అన్నాను. అసలు కారణం చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆ ఆటలో రోడ్డుకు రెండు వైపులా జనం నిలబడి చేతులూపుతుంటారు. వాళ్లు పందెం చూడ్డానికి వచ్చినవాళ్లని నాకూ తెలుసు. కానీ రోడ్డు పక్కన చెయ్యి లేచిందంటే నా వేలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. కారు ఆగుతుంది. ఎవరూ ఎక్కరు. ఏడు కార్లూ నన్ను దాటిపోతాయి. నెలన్నర కష్టపడితే ఒకే ఒక్కసారి ఆరో నంబరు వచ్చింది, అదీ రెండు కార్లు ఒకదానికొకటి గుద్దుకున్నందువల్ల.

సాయంత్రాలు ఆమె నా పక్కన కూర్చొని బంతిపూలు గుచ్చుతూ ఫోన్ వైపు చూసేది. మోపెడ్ మీద కూర్చుంటే నా అంగీ పట్టి గుంజి "మెల్లగ, మెల్లగ" అనే మనిషి, ఇక్కడ మాత్రం ఆటలోని ఎర్రకారువాడు ముందుకు పోతుంటే దారం పళ్ల మధ్య పెట్టుకొని "తొక్కు, గట్టిగ తొక్కు" అనేది.

దసరా రెండు రోజుల్లోకి వచ్చింది. నేను ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టి, ఫస్టొచ్చానని చెప్పాను. ఆమెకు ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు. అందుకని తెర మీది ఆరు అంకె కనపడకుండా బొటనవేలు ఆనించి చూపించాను. ఆమె చాలాసేపు నా వేలు వైపే చూసి, సరేనంది.

దసరా పొద్దున ఇంటి ముందు బండ్లన్నీ కడిగి వరుసగా పెట్టాం. కొడుకు కారు, కోడలి స్కూటీ, చివర నా మోపెడ్. దాన్ని నేను మూడుసార్లు తుడిచాను. టైర్ల కింద నిమ్మకాయలు, హ్యాండిళ్లకు దండలు. మా ఇంటామె బియ్యం డబ్బాలోంచి తీసిన తాళంచెవికి బొట్టు పెట్టి నా చేతికిచ్చింది. నేను దాన్ని వెంటనే జేబులో వేసుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే నేనీ రోజు రోడ్డు మీద మోపెడ్ నడుపుతూ ఉండేవాణ్ని.

"గెలిచిన బండికి బొట్టు లేకపోతే ఎట్ల? గా ఫోను గూడ తే," అంది.

ఆట తెరిచి, కారు బాగా కనిపించేలా పట్టుకున్నాను. ఆమె కుంకుమ వేలు తెరకు తగలగానే పందెం మొదలై కారు గుర్రుమంది. ఉలిక్కిపడి, ఫోన్ ఎక్కడ పడుతుందోనని రెండు చేతులా లాక్కుంది. కుడి బొటనవేలు ఎక్సలేటర్ మీద పడింది. ఇక తీయలేదు. నెలన్నర నా పక్కన కూర్చొని చూసింది కదా, ఏ మలుపు ఎక్కడ వస్తుందో ఆమెకు తెలుసు. మలుపు వచ్చినప్పుడల్లా ఫోనుతో పాటు తానూ ఒరిగింది. జనం చేతులూపారు. ఆగలేదు. ఎర్రకారును దాటినప్పుడు మా కొడుకు చేతిలోని కొబ్బరికాయ అట్లనే ఉండిపోయింది.

పందెం అయ్యాక తెర మీద రెండు అంకెలు వచ్చాయి. పైన రెండు, కింద ఆరు. ఇవేమిటని ఆమె కోడల్ని అడిగింది.

"పైది మీరిప్పుడు వచ్చిన నంబరు అత్తమ్మా. కిందిది మామ ఇన్ని రోజుల్ల ఎన్నడన్న వచ్చిన మంచి నంబరు."

ఆమె నా వైపు తిరిగింది.

"ఫస్టొచ్చిన అంటివి?"

"ఆ నంబరుకు వేలు అడ్డమొచ్చింది."

"వేలడ్డమొచ్చిందా, బర్రెలడ్డమొచ్చినయా?"

తాళంచెవి నేనే మర్యాదగా తీసి ఆమె చేతిలో పెట్టానని రాయాలని ఉంది. కాదు. జేబు మీద చెయ్యి పెట్టుకొని రెండడుగులు వెనక్కి వేశాను. ఆమే తీసుకుంది. దాంతోపాటు గేటు సంగతీ, జనం కోసం కారు ఆపిన సంగతీ అన్నీ బయటికి వచ్చేశాయి. జనం మాట వినగానే ఆమె నవ్వు ఆపుకోలేక నా మోపెడ్ సీటు మీదనే కూలబడింది.

"మిర్‌దొడ్డి బస్సు స్టేజీ కాడ కట్టుకున్నదాన్ని చెయ్యెత్తితే ఆపకపోతివి. గీ ఫోన్ లోపట ఉన్నోళ్లకు ఆపుతున్నవా?"

పెళ్లయిన కొత్తలో జరిగింది అది. ఆ రోజు బస్సు నిండిపోయిందని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. నిండలేదు, సగం సీట్లు ఖాళీ. ముందు పోతున్న ప్రైవేటు బస్సును దాటాలనే పంతంలో ఆమెను చూసీ చూడనట్టు పోయాను. దాటాను కూడా. నా జీవితంలో నేను గెలిచిన పందెం అదొక్కటే. ఈ ముక్క ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. తెలుగు బాగానే చదువుతుంది, ఇక్కడ చదువుకుంటుంది.

తాళంచెవి మళ్లీ బియ్యం డబ్బాలోకి పోయింది. పోతూ పోతూ ఆమె ఒక తీర్పు ఇచ్చింది.

"మూడొందల యాభై దండగేం కాలె. తోలేటోడే దండగ. ఇగ నేను తోల్త, నువ్వు పక్కకు కూసో."

ఇప్పుడు సాయంత్రం కాగానే ప్లాస్టిక్ కుర్చీ ఆమెది, పక్కన ముక్కాలి పీట నాది. పూలు గుచ్చడం నా వంతుకు వచ్చింది. మలుపుల్లో నాకు కళ్లు తిరుగుతాయి. "మెల్లగనే" అని నేనే అంటాను. ఆమె వినదు. పోయిన వారం ఎర్రకారును ఆఖరి మలుపులో దాటి మొదటి నంబరు కొట్టింది.

ఆ ఆటకు అంత డబ్బు పెట్టొచ్చా అని చాయ్ దగ్గర ఎవరైనా అడిగితే, కళ్లు మూసుకొని పెట్టమంటాను. మా ఇంట్లో ఫస్టు నంబరు వచ్చిందని చెబుతాను. ఎవరికి వచ్చిందని వాళ్లు అడగరు.