ఒక్క మాట, రెండు అర్థాలు

తొంభైల్లో నేను ఢిల్లీలో ఒక స్వచ్ఛంద సంస్థకు జీపు నడిపేవాడిని. బడికి పోలేదు, పాత పేపర్లు చూసి చదువు నేర్చుకున్నాను. మా డైరెక్టర్ విమలగారు గుంటూరు ఆవిడ, నాకన్నా పదేళ్లు చిన్న.

మయూర్ విహార్ పక్కన గుడిసెలకు మంచినీటి కుళాయి కావాలని ఆవిడ ఆరోసారి నీళ్ల ఆఫీసుకు వెళ్లారు. అర్జీల కట్ట మోస్తూ నేనూ వెళ్లాను. పొద్దుట్నించీ బల్ల మీద కూర్చోబెట్టి, మూడింటికి పిలిచాడు అక్కడి అధికారి.

ఆవిడ నోరు విప్పగానే, "బహెన్‌జీ, మీ సాబ్‌ను పంపండి" అన్నాడు.

"సాబ్ నేనే" అన్నారావిడ.

అతను వినకుండా ఫోనందుకున్నాడు. ఆవిడ ఆగిపోయారు. నాకు ఒళ్లు మండింది. "చెప్పు తల్లీ, చెప్పు!" అని తెలుగులో అరిచేశాను.

అధికారి పగలబడి నవ్వాడు. "చూశారా, మీ డ్రైవరే మిమ్మల్ని చుప్ అంటున్నాడు!"

హిందీలో చుప్ అంటే నోర్మూసుకోమని. గదంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. విమలగారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మా భాషలో ఆ మాటకు మాట్లాడమని అర్థం, భాయ్‌సాబ్. ఇక వినండి" అని ఒక్కో అర్జీ చదవసాగారు. ఆఫీసు మూసే వేళకు అతను సంతకం పెట్టాడు.

జీపెక్కుతూ క్షమించమన్నాను. "ఈసారి ఇంకాస్త గట్టిగా అరవండి అన్నయ్యా" అన్నారు.

ఇప్పటికీ టీవీలో ఎవడైనా ఆడమనిషి మాటకు అడ్డొస్తే కూర్చోలేను. "చెప్పు తల్లీ!" అని లేస్తాను. తెలుగు సరిగా రాని మా మనవరాలు మాత్రం, "నేనేం మాట్లాడాను నానాజీ, చుప్ అంటారు?" అని అలుగుతుంది.