జీపుకు తలకాయ వెతికిన చలికాలం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో లోకంలోని యంత్రాలన్నీ నా సలహా కోసమే ఆగి ఉన్నాయనిపించేది. ఫరీదాబాద్‌లో కార్లకు వైర్ల కట్టలు తయారుచేసే ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజినీరుని. మయూర్ విహార్‌లో అక్కా బావగారి ఇంట్లో ఉండేదాన్ని. అక్క ఆసుపత్రిలో నర్సు. బావగారు చర్చిలో పాటలకు కీబోర్డు వాయించేవారు (మిగతా రోజుల్లో ఏదో ఆఫీసుకు వెళ్లేవారు గానీ దాని గురించి మాట్లాడగా నేను వినలేదు). ఆయనకో పాత జీపు ఉండేది. తలుపులు లేవు. పెట్రోలు ఇంజిన్ ఎప్పుడో మూలపడింది. పెళ్లిచూపుల నాడు, ఆ జీపులోనే కొండలు చూపిస్తానని అక్కకు మాటిచ్చారట. అక్క ఆ మాట మరిచిపోలేదు, అలాగని ఒక్కసారీ గుర్తు చేయలేదు. ఆయన్ని బాధపెట్టింది అదే.

ఓ చలికాలం బావగారు తుక్కుకు పోయిన కారు నుంచి డీజిల్ ఇంజిన్ ఒకటి సంపాదించి, ఫరీదాబాద్ అవతల పొలాల పక్కనున్న షెడ్డులో బళ్లు బాగుచేసే ఒక మిస్త్రీ చేత జీపుకు బిగించే ఏర్పాటు చేశారు. అలాంటి ఇంజినుకు ఎప్పుడెంత డీజిల్ చిమ్మాలో చెప్పడానికి చిన్న కంప్యూటర్ డబ్బా ఒకటి కావాలి. అది ఎంచే భారం నామీద పడింది. నా మనసంతా లాప్‌టాప్‌తో ప్రతి సంగతీ మార్చుకోగల విదేశీ డబ్బా మీదే. మెట్రోలో ఆడవాళ్ల పెట్టెలో కిటికీ అద్దానికి నుదురు ఆనించి నిలబడితే, యమున మీది పొగమంచులోంచి మా జీపు మలుపులు తిరుగుతూ పైకెక్కేది. ఎత్తు పెరిగేకొద్దీ నేను ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఇంజిన్ గొంతు సవరించేదాన్ని. (అప్పటికి నేను కొండా చూడలేదు, నాకు బండి నడపడమూ రాదు.)

మిస్త్రీ ఆలోచన వేరు. "కంప్యూటరే వద్దు బిటియా. పాత రకం పంపు పెట్టుకోండి. డీజిల్ తాగుతుంది, నడుస్తుంది. దానికి చదువెందుకు?" అన్నాడు. ఈ ఇంజిన్ అలా నడవదని నేను చాలాసేపు వివరించాను. ఆయన టీ తాగుతూ చివరిదాకా ఓపిగ్గా విని, "అచ్ఛా" అని పనిలోకి వెళ్లిపోయాడు. బావగారు మాత్రం ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్లవైపు. చివరికి ఓ సాయంత్రం అక్క డ్యూటీ నుంచి వచ్చి, బల్లమీది నా లాప్‌టాప్ పక్కకు జరిపి కంచాలు పెడుతూ అడిగింది.

"ఏవండీ, ఆ ఇంజినుకు మొదట్నుంచీ సొంత తలకాయ ఉందా, లేదా?"

"ఉంది. ఆ కారులోనే ఉండిపోయింది."

"మరి దాని తల దానికి పెట్టకుండా, పరాయి తలకాయ కోసం ఈ వెతుకులాటేంటి? అన్నం చల్లారిపోతోంది."

అంతటితో తేలిపోయింది. పాత డబ్బా తెచ్చి, వైర్లన్నీ నేనే కలిపాను. ఇంజిన్ తిరిగింది గానీ స్టార్ట్ అవలేదు. మా తాళంచెవిని ఆ డబ్బా గుర్తుపట్టక దొంగలనుకుంది. మళ్లీ వెళ్లి పాత కారు తాళంచెవి తెచ్చాం. ఆ తర్వాత దానికి ఆ కారు స్పీడు మీటరు కూడా కావాల్సొచ్చింది. అన్నీ దొరికాక స్టార్టయింది. అయితే తానింకా ఆ కారులోనే ఉన్నాననుకుని, తలుపులు తెరిచున్నాయని టింగు టింగుమంటూనే ఉంది.

"తలుపుల్లేవని చెప్పు చిన్నీ," అన్నారు బావగారు.

"చెప్పాను బావగారూ. నమ్మట్లేదు."

ఆ వారమే ఇంకో సంగతి తెలిసింది. అంత పాత జీపులో డీజిల్ ఇంజిన్ పెడితే, పొగ నిబంధనల వల్ల మా వైపు రోడ్డెక్కడానికి అనుమతి రాదట. ఏ కంప్యూటర్ మంచిదని కనబడ్డవాళ్లందర్నీ అడిగాం, బండిని రోడ్డెక్కనిస్తారా అని ఒక్కరినీ అడగలేదు. బావగారు రెండు పూటలు సరిగ్గా భోంచేయలేదు. ఆదివారం పొద్దున్నే అక్క స్వెట్టర్ వేసుకుని, "పదండి, ఎంతదాకా నడుస్తుందో అంతదాకానే వెళ్దాం," అంది.

షెడ్డు వెనక మిస్త్రీ వాళ్ల బీడు భూమి. పొగమంచులో దాని అంచులు కనబడటం లేదు. అక్క ముందు సీట్లో, ఇంకా బిగించని మీటరును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. డ్యూటీ అలసటకు, ఆ టింగు టింగుల మధ్యే నిద్రపోయింది. కాసేపటికి కళ్లు తెరవకుండానే, "ఎక్కడిదాకా వచ్చామండీ?" అంది.

"ఘాట్ ఎక్కుతున్నాం, పడుకో," అన్నారు బావగారు, గేరు మారుస్తూ. అక్క నవ్వి, ఆయన భుజానికి తల ఆనించింది.

తర్వాత అద్దె కారులో కొండలకు చాలాసార్లే వెళ్లాం. ఏ మలుపు ఎక్కడో ఫోటోలు చూస్తే తప్ప నాకు గుర్తు రాదు. ఆ ఆదివారం వెనక సీట్లోంచి ముందుకు వంగి, తెల్లటి మంచులోకి తొంగిచూస్తూ, "మెల్లగా బావగారూ, పక్కన లోయ ఉంది," అన్న ట్రైనీ పిల్ల మాత్రం బాగా గుర్తుంది. ఆ పిల్లకు లోయ నిజంగానే కనబడింది.