పద్నాలుగో కుర్చీ

హంగరీలో మిష్కోల్ట్స్ వెళ్ళే రైలు రెండు నిమిషాలు ఆగే ఆ చిన్న ఊళ్ళో, తపాలా ఆఫీసు కిటికీ వెనక ముప్పై ఏళ్ళుగా ముద్రలు కొడుతున్న విల్మా గారిని చూసి జనం జాలిపడుతుంటారు. గొప్పింటి పిల్ల అయ్యుండి జీతానికి కూర్చుందని, పెళ్ళి కాలేదని. ఆ జాలేదో ఆమెని పెంచిన బార్త్‌ఫాయి వాళ్ళ మీద చూపిస్తే బాగుండేది. వాళ్ళ గొప్పతనం ఎలాంటిదో తెలిసినవాళ్ళకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

విల్మాకి ఏడేళ్ళప్పుడు తల్లీ తండ్రీ పోయారు. మేనమామ మార్టోన్ బార్త్‌ఫాయి తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ సంగతి గడప తొక్కిన ప్రతివాడికీ ఆమె ఎదుటే చెప్పుకునేవాడు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఆమె నడుముకి తాళాలగుత్తి కట్టారు. పందికొవ్వు జాడీలు, ఎర్ర మిరపపొడి, నేలమాళిగలో ద్రాక్షసారా పీపాలు, అన్నీ ఆమె చేతిమీదే నడిచేవి. భోజనం మాత్రం వంటింటి పక్క చిన్న గదిలో, ఒక్కతే. పనివాళ్ళతో కలిసి తింటే వంశానికి తలవంపులు. దొరలతో కలిసి తింటే మర్యాద తక్కువ!

పెద్ద బల్ల దగ్గరికి ఆమెకి పిలుపు ఒక్కందుకే వచ్చేది. పదమూడు మంది కలిసి భోజనానికి కూర్చుంటే, వాళ్ళలో ముందు లేచినవాళ్ళు ఏడాది తిరక్కుండా పోతారని ఆ ఇళ్ళలో నమ్మకం. ఫ్రెంచి పుస్తకాలు చదివే మామయ్యకి కూడా ఈ భయం ఉండేది. బల్ల దగ్గర లెక్క పదమూడుకే తేలినప్పుడల్లా అత్తయ్య మాల్విన్ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చేది. పద్నాలుగో మనిషి అక్కడ సిద్ధంగా ఉండేది కదా.

ఆకోష్ మూడేళ్ళుగా ఆ ఇంటికి వస్తూ ఉండేవాడు. జిల్లా కచేరీలో చిన్న అధికారి. పాత వంశమే, కాని భూములు పోయి పేరూ, తల్లీ మిగిలారు. అందరి ముందు విల్మాని మీరు అనేవాడు. సామాన్ల గదిలో మాత్రం నువ్వు అనేవాడు. ఉల్లిపాయ వాసన కొట్టే ఆమె చేతిని దొరసానుల చేతిలాగే ముద్దుపెట్టుకునేవాడు. అమ్మని ఒప్పించేదాకా ఓపిక పట్టమన్నాడు.

"నువ్వు ఏ రోజు ఈ ఇంట్లోంచి నడిచివెళ్తే ఆ రోజు నేనూ లేచి నీ వెనకే వచ్చేస్తాను," అని కూడా అన్నాడు.

విల్మా నమ్మింది. మూడేళ్ళు ఆ మాట కడుపులో దాచుకుని, పైకి ఊరగాయ జాడీలు తుడుచుకుంటూ గడిపింది.

ఆ నవంబరులో మార్టోన్ మామయ్య పేరురోజు, అంటే ఆయన పేరుగల పుణ్యపురుషుడి పండుగ, వచ్చింది. విల్మా తెల్లవారకముందే లేచి మూడు బాతుల్ని పొయ్యిలో కాల్చడానికి పెట్టింది. సరిగ్గా మధ్యాహ్న భోజనం వేళకి, విందుకి రావలసిన డాక్టరు గారి బండి బురదలో దిగబడిందని కబురొచ్చింది. అత్తయ్య వచ్చి, ఏప్రన్ విప్పేసి రమ్మంది. చేతులు మాత్రం బాగా రుద్ది కడుక్కోమంది.

బల్ల చివర కూర్చున్నాక విల్మా తలెత్తి చూసింది. ఆకోష్ ఆడవాళ్ళందరి చేతులూ వరసగా ముద్దుపెట్టుకుంటూ వచ్చి, ఆమె దగ్గర తల మాత్రం వంచి, వెళ్ళి మామయ్య కూతురు ఇల్కా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి మామయ్య గ్లాసు ఎత్తి, ఇల్కాకి ఆకోష్‌తో పెళ్ళి ఖాయమైందని చెప్పాడు. ఆకోష్ తల్లి ఆనందంతో ఏడ్చింది. కొడుకు బాధ్యత తెలిసినవాడని నలుగురూ మెచ్చుకున్నారు. మూడేళ్ళు ఒక ఆడపిల్లని చీకటిగదిలో నిలబెట్టి కబుర్లు చెప్పినవాడికి బాధ్యత తెలుసట! విల్మా కూడా గ్లాసు ఎత్తి తాగింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

అంతా ఊరుకుంటే ఆమె కూడా ఊరుకునేదేమో. ఆకోష్ ఊరుకోలేదు.

"విల్మా గారూ, ఆ ఉప్పు కాస్త ఇటు అందిస్తారా?"

అందించింది. తర్వాత చేతులు తుడుచుకుని, తాళాలగుత్తి విప్పి కంచం పక్కన పెట్టి లేచింది.

"ఎక్కడికే? కూర్చో," అంది అత్తయ్య గొంతు తగ్గించి. "నువ్వు వెళ్తే మేం పదమూడు మందిమి."

"తెలుసు అత్తయ్యా. ఈ ఇంట్లో నేనూ ఒక మనిషినని మీకు గుర్తొచ్చేది అప్పుడే కదా."

బయట నడవాలో కోటు తొడుక్కుంది. ఆ కోటుకి ఎనిమిది బొత్తాలు. తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరో, పనిమనిషిని పిలిచి కూర్చోబెడదామన్నారు. వంశం ఏమైపోతుందని అత్తయ్య కసిరింది. అయితే మూడు లెక్కపెడతాను, అందరం ఒక్కసారే లేద్దామన్నాడు మామయ్య. ఒకటి, రెండు, మూడు అన్నాడు. ఒక్కరూ లేవలేదు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

విల్మా బొత్తాలు మెల్లగా పెట్టుకుంది. ఆరోది పెడుతుంటే, "కూర్చో నాయనా, నా బంగారం కదూ," అని ఆకోష్ తల్లి గొంతు వినిపించింది. ఏడోది పెట్టింది. ఎనిమిదో బొత్తాన్ని చేత్తో పట్టుకుని, పెట్టకుండా, చాలాసేపు నిలబడింది.

లోపల ఒక్క కుర్చీ కూడా చప్పుడు చెయ్యలేదు.