సగంలో ఆగిన ఎడమ అద్దం

గుద్దావా అని ఎవరూ అడగలేదు. ఎక్కడ గుద్దావని అడిగారు. ఆ రెండు ప్రశ్నలకూ ఎంత తేడా ఉందో కారు నడిపే ఆడవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

చంద్రపూర్‌లో మాది బడిపిల్లల యూనిఫారాలు కుట్టి అమ్మే దుకాణం. మా ఆయన కౌంటర్ చూసుకుంటారు. బడుల చుట్టూ తిరిగి కొలతలూ ఆర్డర్లూ తెచ్చేది నేను. రాజురా, కోఠారి, అటు సిమెంటు ఫ్యాక్టరీల వైపు ఉప్పర్వాహి దాకా నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఆ కారు దుకాణం పని కోసం నా పేరు మీద కొన్నది. ముందు బొగ్గు టిప్పరు, వెనక బొగ్గు టిప్పరు, మధ్యలో సందు దొరికితే చాలు దూరిపోయే మోటారు సైకిళ్లు, ఇదీ మా రోడ్డు. ఎడమ అద్దం లేకుండా దాని మీద పోవడమంటే ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించడమే.

సరిగ్గా బడులు తెరిచే ముందు, మాకు ఊపిరాడని రోజుల్లో, ఆ అద్దం మొరాయించింది. కారుకు తాళం వేస్తే రెండు అద్దాలూ ముడుచుకుంటాయి, తీస్తే విచ్చుకుంటాయి. ఆ ఉదయం కుడిది బుద్ధిగా విచ్చుకుంది. ఎడమది సగం దాకా వచ్చి కిర్రుకిర్రుమని ఆగిపోయింది. చేత్తో లాగి సరిచేశాను. మొదటి గుంతలో పడగానే మళ్లీ ముడుచుకుని, వెనకొచ్చే లారీకి బదులు నా కారు తలుపునే నాకు చూపించింది.

మా ఆయనను తోడు తీసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. నడిపింది నేను, కిందికి దిగింది నేను, అద్దం సంగతి చెప్పిందీ నేనే. అక్కడి మనిషి అంతా విని మా ఆయన వైపు తిరిగి మరాఠీలో, “భావూ, మేడమ్‌నీ గాడీ కుఠే ఠోకలీ?” అన్నాడు. మేడం బండి ఎక్కడ గుద్దారని! అద్దాన్ని వేలితో తాకను కూడా తాకలేదు. మొత్తం మార్చాలట, నాగపూర్ నుంచి తెప్పించాలట, ఎప్పుడొస్తుందో చెప్పలేడట.

ఇంటికొచ్చాక గోరుచుట్టు మీద రోకటిపోటు. మా బావగారు, అంటే మా ఆయన అన్న, ఒకప్పుడు సాస్తి గనుల దగ్గర లారీలు తిప్పిన మనిషి. చక్రం ఉన్న ప్రతిదాని మీదా ఆఖరి తీర్పు ఆయనదే. గుమ్మంలో నిలబడి అద్దం వైపు ఒక్క చూపు చూసి, నేను పక్కనే ఉండగా మా ఆయనతో అన్నారు.

“ఏడనో గుద్దింది, చెప్తలేదు. గింత రద్దీల ఆడమనిషికి బండేందిర? తాళం ఇటియ్యి. సీజన్ అయ్యేదాంక మా పోరడు నడుపుతడు.”

ఆ పోరడు, ఆయన కొడుకు, లైసెన్సు చేతికొచ్చిన కొత్తలోనే మా ఇంటి గేటును ఒరుసుకుపోయినవాడు. అప్పుడు ఇంటిల్లిపాదీ ఏమన్నారు? చెయ్యి తిరగాలె గదా అన్నారు.

తాళం పోతే కారు ఒక్కటే పోదు. బడికి ఎవరు వెళ్తే హెడ్మాస్టర్లకు వాళ్లే తెలుస్తారు, ఆర్డరూ వాళ్ల చేతికే వస్తుంది. ఊరూరా తిరిగి నేను నిలబెట్టిన పని అది. సీజన్ అయ్యాక తిరిగిస్తారని నమ్మడానికి నేనేమీ నిన్న కాపురానికి వచ్చినదాన్ని కాను. మా ఆయన మాత్రం తాళం తీసి అన్న చేతిలో పెట్టారు. మా తోడికోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్న సామెతను పుట్టించిన ఆవిడ ఎవరోగానీ ఆవిడకు దండం.

సాయంత్రం నాకిక ఆగబుద్ధి కాలేదు. కారులో కొలతల టేపు ఉందని చెప్పి తాళం అడిగి తెమ్మన్నాను మా ఆయనను. ఆయన వాకిట్లో నిలబడి తాళం నొక్కుతూ ఉంటే నేను అద్దానికి చెవి ఆనించాను. ఫ్యూజు పోతే రెండు అద్దాలూ ఆగాలి, కుడిది పనిచేస్తోంది. మోటారు కాలిపోతే చప్పుడే రాకూడదు, లోపల అది తిరుగుతూనే ఉంది. గుద్ది ఉంటే గీతైనా పడాలి, మచ్చ కూడా లేదు. మోటారు తిరుగుతూ పని ఆగిపోయిందంటే మధ్యలో ఏదో అడ్డం పడ్డట్టే. కుట్టుమిషన్‌తో బతికేవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. మిషన్ ఇలా మొత్తుకుంటే ముందు చూసేది దారం ఎక్కడ చిక్కిందా అని.

అద్దం మెడ మలుపు తిరిగే సందులోకి టార్చి కొట్టాను. నల్లటి ప్లాస్టిక్, దాని మీద బొగ్గు దుమ్ము, ఏమీ కనబడలేదు. సూది పెట్టి కెలికితే మెత్తగా తగిలింది. కుట్లు విప్పే కొక్కెంతో పట్టి లాగాను. జిడ్డూ దుమ్మూ కలిసి తారుముద్దలా అయిన నల్లతాడు, పోగులు పోగులుగా బయటికొచ్చింది.

చూడగానే తెలిసింది. నేను బండి నడపడం మొదలుపెట్టినప్పుడు, ఆడమనిషి బండి మీద ఊరి కండ్లు పడతాయని, జాతరలో కొన్న కుచ్చున్న నల్లతాడును బావగారే తన చేతులతో అక్కడ ముడి మీద ముడి వేసి కట్టారు. లారీలన్నిటికీ అలాగే కడతారు. లారీ అద్దం ఇనప కమ్మికి బిగించి ఉంటుంది, ఎన్నేళ్లు కట్టి ఉంచినా ఏమీ కాదు. నా కారు అద్దం తాళం పడినప్పుడల్లా మెడ తిప్పుతుంది. కుచ్చు ఎప్పుడో ఊడిపోయింది, కట్టిన సంగతి అందరం మరిచాం, మిగిలిన తాడును అద్దం రోజుకింత లోపలికి మింగింది. ముడి వేసిందీ ఆయనే, నేను గుద్దానని తీర్పు చెప్పిందీ ఆయనే! ఒళ్లు మండిపోయింది నాకు.

మా ఆయన తాళం నొక్కారు. అద్దం చివరి దాకా విచ్చుకుంది. మళ్లీ నొక్కారు, శుభ్రంగా ముడుచుకుంది. ఆయన ముఖం వెలిగింది. వెంటనే గొంతు తగ్గించి, “అన్న కట్టిందే గదా, ఏమనకు. పెద్దోడు. గీ ముచ్చట ఇక్కడ్నే ఇడిచిపెట్టు,” అన్నారు. అని, తాళం అన్నకిచ్చి రావడానికి లోపలికి నడిచారు. బాగైన కారు తాళాన్ని!

ఆ తాడును ఒక స్టీలు పళ్లెంలో వేసుకుని వెనకే వెళ్లాను. బావగారు టీ తాగుతున్నారు. పళ్లెం ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూశారు, గుర్తుపట్టారు, కొంచెం కూడా తొణకలేదు.

“చూసినవార తమ్మి, తాడెంత పనిచేసిందో! దిష్టంత అద్దం మీదికి పోయింది. లేకుంటె మనిషికే తాకుతుండె.”

ఇంట్లో అందరూ తలలూపారు. మా తోడికోడలైతే దండం కూడా పెట్టుకుంది.

“సరే, రేపటిసంది తాళం ఆమెకే ఇయ్యి. జర నిమ్మలంగ నడుపుమను,” అన్నారు, మళ్లీ మా ఆయనతోనే.

బావగారితో ముఖాముఖి మాట్లాడడం మా ఇంటి కోడళ్లకు అలవాటు లేదు. ఆ రోజు మాట్లాడాను.

“బావగారూ, నేను గుద్దలేదు. గా మాట మీ నోటితోని ఒక్కసారి అనుండ్రి.”

ఆయన నా వైపు చూడలేదు. తాళం బల్ల మీద పెట్టి, టీవీ చప్పుడు పెంచారు. ఆ మాట అనేదాకా తాళం ముట్టలేదని రాసుకుంటే బాగుండేదే. ముట్టాను. తెల్లారితే కోఠారి బడిలో పిల్లలు కొలతల కోసం నిలబడి ఉంటారు, నేను వెళ్లకపోతే ఆ పోరడు వెళ్తాడు.

ఇప్పటికీ ఆ కారు నేనే నడుపుతున్నాను, అద్దం చక్కగా పనిచేస్తోంది. మొన్న చుట్టాలొచ్చి కూర్చుంటే దిష్టితాళ్ల మాటొచ్చింది. బావగారు హుషారుగా అందుకున్నారు. “మా మరదలు బండి గుద్దిన సంవత్సరం ఏమైందంటె…” అని మొదలుపెట్టారు.